కర్నాక్ స్తంభాలు: మట్టి తీస్తూ చెక్కారా, పరంజా కట్టి చెక్కారా?

ఇసుకరాయి: ఈజిప్టులోని కర్నాక్ గుడి పెద్ద మంటపంలో 134 స్తంభాలు. నడుమ 12 దాదాపు 21 మీటర్ల ఎత్తు, మిగతా 122 వాటికంటే బాగా పొట్టి. ఒక వరస దిమ్మెలు పేర్చడం, ఆ ఎత్తుకు మట్టి నింపడం, దాని మీదుగా పై వరస లాక్కురావడం. దూలాలు పడ్డాక మట్టి తీస్తూ పైనుంచి కిందికి చెక్కారు. మొదటి గోపురం వెనక ఇటుకల ర్యాంపు ఇప్పటికీ ఉంది. అదే ఆవరణలో ఒక స్తంభం మొరటు దిమ్మెలతో, చెక్కకుండానే నిలబడి ఉంది.

పరంజా_పక్షం: ఆ గోపురం నెక్తనేబో 1 అనే రాజు నాటిదంటారు, ఈ మంటపం కట్టించిన సేతి 1 తర్వాత దాదాపు 900 ఏళ్లకు. ఇక్కడికెలా సాక్ష్యమవుతుంది? మంటపం నేల 103 × 52 మీటర్లు. పొట్టి స్తంభాల కోసం 12 మీటర్లు నింపాలంటే, స్తంభాల చోటు తీసేసినా 50 వేల ఘనపు మీటర్ల మట్టి. అదంతా మళ్లీ బయటికి మొయ్యాలి.

ఇసుకరాయి: మోశారు! 1899లో 11 స్తంభాలు కూలితే, అక్కడ పనిచేసిన ఫ్రెంచి పురావస్తు శాస్త్రవేత్త లెగ్రాన్ మట్టికట్టల మీదుగానే విప్పి మళ్లీ నిలబెట్టాడు.

చూపరి: ఎందుకు కూలాయి?

పునాది_గుంట: పునాదులు బలహీనం. వరదనీటి తడితో ఉప్పు పైకెక్కి స్తంభాల అడుగు రాయి పొడిపొడిగా రాలింది.

పరంజా_పక్షం: లెగ్రాన్ చేశాడంటే అలా కుదురుతుందని తేలింది, అంతే. నా అసలు ప్రశ్న ఇది. దక్షిణ భాగంలో రామ్సెస్ 2 ముందు ఉబ్బెత్తుగా చెక్కించిన బొమ్మల్ని తర్వాత లోతు చెక్కడంగా మార్పించాడు. వందేళ్లు దాటాక స్తంభాల మీద రామ్సెస్ 4 పేర్లు పడ్డాయి. అప్పటికి పైన కప్పుంది, కింద మట్టి లేదు. ఉలి పట్టినవాడు దేనిమీద నిలబడ్డాడు?

ఇసుకరాయి: అవి తర్వాతి మార్పులు. నేనడిగేది మొదటి పని గురించి! కప్పీ లేని రోజుల్లో టన్నుల దూలాన్ని మీ కర్రల మీదికి ఎక్కించి చూపించండి.

పరంజా_పక్షం: ఎక్కించడానికి మట్టి వద్దని నేనెప్పుడన్నాను? నా పేచీ చెక్కడం దగ్గర. రాజు బొమ్మ ఒక్కటే రెండు మూడు దిమ్మెల మీదుగా వస్తుంది. ముందు అతుకులు జిప్సంతో పూడ్చాలి, కొలతకు ఎర్ర గీతలు గియ్యాలి. అరికాలు నుంచి కిరీటం దాకా కనబడకపోతే ఏ శిల్పీ గీత గియ్యడు. సగం మట్టిలో ఉంటే ఎలా?

ఇసుకరాయి: స్తంభాల పైన మొగ్గ ఆకారపు తలలు నునుపు చేసింది మాత్రం మట్టి మీద నిలబడే. అది వదలను.

పరంజా_పక్షం: నునుపు చేయడం వేరు, బొమ్మ చెక్కడం వేరు. మొదటి పోస్టులో రెండూ ఒకే పనిగా రాశారు, నేను పట్టుకున్నది దాన్నే.