శిక్షణ తర్వాతే మార్కులు తగ్గాయి! సర్టిఫికెట్ ఇవ్వాలా, వద్దా?

తొలిఅడుగు: పొద్దుట్నుంచి ఈ ఎక్సెల్ షీట్ ముందే కూర్చున్నాను, బుర్ర వేడెక్కిపోయింది. క్యాన్సర్ అవగాహన కల్పించే వాలంటీర్లకు శిక్షణ ఇచ్చాం. క్లాసులో చక్కగా జవాబులు చెప్పారు. తీరా చూస్తే సగం మందికి మొదటి పరీక్ష కన్నా చివరి పరీక్షలో తక్కువ మార్కులు! రేపే సర్టిఫికెట్లు ఇవ్వాలి. పాస్ మార్కు తగ్గించేయనా?

రాత్రిడ్యూటీ: సర్టిఫికెట్ దేనికి? వచ్చి కూర్చున్నందుకా, పని వచ్చినందుకా?

తొలిఅడుగు: శిక్షణ పూర్తయినందుకు. అందరూ ఇచ్చేదే కదండీ.

లెక్కలమనిషి: ముందు సిలబస్ పెట్టండి. రొమ్మును నెలనెలా సొంతంగా పరీక్షించుకోవడమే ఇంకా పెద్ద పాఠంగా చెబుతున్నారా? షాంఘైలో 2,66,000 మందికి పైగా మహిళలతో చేసిన అధ్యయనం ఫలితాలు 2002లోనే వచ్చాయి. అది నేర్చుకున్నవాళ్లలో మరణాలు తగ్గలేదు, క్యాన్సర్ కాని గడ్డలకు బయాప్సీలు (చిన్న ముక్క తీసి చేసే పరీక్షలు) మాత్రం పెరిగాయి. తేడా కనిపిస్తే డాక్టర్ దగ్గరికి వెళ్లమనడం వేరు, నెలనెలా వెతుక్కోమనడం వేరు.

జామకొమ్మ: ఆవిడ అడిగింది మార్కుల గురించి సార్.

లెక్కలమనిషి: తప్పు పాఠానికి నూటికి నూరు వస్తే మాత్రం ఏం లాభం?

పాతకాపు: రెండు పరీక్షలూ ఒకేలా పెట్టారా?

తొలిఅడుగు: మొదటిది మేమే నోటితో అడిగి రాసుకున్నాం. చివరిది ఫోన్‌లో ఫారం. ప్రశ్నలు మాత్రం అవే.

పాతకాపు: అదీ సంగతి! ఈ ముక్క ముందే చెప్పొద్దామ్మా? నోటితో అడిగేవాళ్లు తెలియకుండానే జవాబు అందిస్తారు. ఫోన్‌లో 'కింది వాటిలో కానిది ఏది' అంటే చదువుకున్నవాళ్లే తడబడతారు. ఆ రెండు మార్కులూ పోల్చకండి, పాస్ మార్కు జోలికీ వెళ్లకండి. మీలో ఒకరు పేషెంట్‌గా నటిస్తూ ఒక్కొక్కరినీ అడగండి: "స్క్రీనింగ్‌లో (లక్షణాలు లేకపోయినా ముందుగా చేసే పరీక్షలో) పాజిటివ్ వచ్చింది, నాకు క్యాన్సరేనా?" క్యాన్సర్ అని ఇంకా తేలలేదనీ, తర్వాతి పరీక్షలు మానకూడదనీ, ఎక్కడికి వెళ్లాలో కూడా చెప్పగలగాలి. ముట్లు ఆగిపోయాక మళ్లీ రక్తస్రావం అవుతోందంటే స్క్రీనింగ్ దాకా ఆగమనకుండా వెంటనే డాక్టర్ దగ్గరికి పంపాలి. "ఏం కాదులే" అన్నారంటే మిగతావన్నీ బాగున్నా ఫెయిలే. మార్కులు ఇద్దరు విడివిడిగా వేయండి.

రాత్రిడ్యూటీ: అప్పటిదాకా హాజరు పత్రం చాలు. 'సర్టిఫైడ్' అని రాయొద్దు.

జామకొమ్మ: హాజరు పత్రమూ సర్టిఫికెట్టే కదా?

రాత్రిడ్యూటీ: కాదు. మెడలో 'సర్టిఫైడ్' అన్న కార్డు చూసే జనం నమ్ముతారు.

లెక్కలమనిషి: సర్టిఫికెట్ మీద గడువు తేదీ కూడా వేయండి. 9–20 ఏళ్ల వాళ్లకు హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది) ఒక్క డోసే ఇచ్చినా సరేనని డబ్ల్యూహెచ్‌ఓ 2022లో చెప్పింది. అంతకుముందు నేర్చుకున్నవాళ్లకు అదెలా తెలుస్తుంది?

తొలిఅడుగు: థాంక్సండీ. రేపటికి హాజరు పత్రాలే ప్రింట్ చేయిస్తాను. నటించడానికి మనుషులు దొరకాలి, చూద్దాం.

లెక్కలమనిషి: సిలబస్ ఇంకా పెట్టలేదు మీరు.