నారాయణపేట చీరల దుకాణం: ఆన్‌లైన్ అమ్మకాలు మొదలుపెట్టాలా?

పేట_చీరలు
నారాయణపేటలో మాది నాన్నగారి కాలం నాటి దుకాణం. నేత నూలు చీరలే ఎక్కువ, పట్టు కొద్దిగా. ముహూర్తాలు, దసరా దాటితే గల్లాపెట్టె మూగబోతోంది. హైదరాబాదు, బెంగళూరుల్లో స్థిరపడిన పాత ఖాతాదారులు పార్సిల్ చేయమంటున్నారు. పెద్ద యాప్‌లో చేరిపొమ్మని మా అబ్బాయి పోరు. చేసి చూసినవాళ్లు నిజం చెప్పండి. జీఎస్టీలో కాంపోజిషన్‌లో, అంటే చిన్న వ్యాపారులు అమ్మకాల మీద కొద్ది శాతం పన్ను కట్టే సులభ పద్ధతిలో, ఉన్నాం.

పాలమూరు_పద్దులు
చివరి వాక్యంలోనే ఉందండీ చిక్కంతా. కాంపోజిషన్‌లో ఉన్నవారు పక్క రాష్ట్రానికి సరుకు పంపకూడదు. బెంగళూరు ఆవిడ మీ దుకాణానికి వచ్చి కొనుక్కుపోతే ఇబ్బంది లేదు, అదే చీర పార్సిల్ చేస్తే తప్పు. 2023 అక్టోబరు 1 నుంచి కాంపోజిషన్ వారినీ యాప్‌లలో అమ్మనిస్తున్నారు, అదీ రాష్ట్రం లోపలే. బెంగళూరు కావాలంటే మామూలు పద్ధతికి మారాలి, జీఎస్టీ రిటర్నులు దాఖలు చేసే పని పెరుగుతుంది. యాప్ వాళ్లు మీకిచ్చే డబ్బులోంచి ముందే పట్టుకునే పన్ను, టీసీఎస్, 2024 జులై నుంచి 1 శాతం కాదు, 0.5 శాతమే. అది మీ జీఎస్టీ ఖాతా (లెడ్జర్)లోకే జమ అవుతుంది, భయపడకండి.

మిర్యాలగూడ_రెడీమేడ్
పన్ను లెక్కకు అందుతుంది. అందనిది వాపసు. ఒక యాప్‌లో పిల్లల బట్టలు పెట్టాం. సరుకు అందాక డబ్బిస్తామని ఆర్డరు పెడతారు, కొరియర్ అబ్బాయి వెళ్లేసరికి ఫోను ఎత్తరు. ఒకసారి కొత్త గౌను పంపితే ఉతికిన పాత చొక్కా తిరిగి వచ్చింది! అప్పటి నుంచి పార్సిల్ కట్టేటప్పుడూ విప్పేటప్పుడూ చీటీ నంబరు కనబడేలా వీడియో తీస్తున్నాం. కమీషన్, రవాణా, వాపసు పోగా ఒక చీర మీద ఏం మిగులుతుందో కాగితం మీద వేసి, తరువాత అబ్బాయితో కూర్చోండి.

పోచంపల్లి_మగ్గం
రెడీమేడ్ వేరు, నేత చీర వేరు. మా దగ్గర ఒక రంగు, ఒక అంచు అంటే తరచూ ఒక్కటే చీర. యాప్‌లో ఫొటో ఉండగానే ఇక్కడ ఎవరో కొనేస్తారు. ఆర్డరు రద్దు చేస్తే మన రేటింగు పడుతుంది. పైగా మన ఇక్కత్ పక్కనే అదే డిజైను అచ్చు వేసిన మిల్లు గుడ్డ కొన్ని వందలకే కనిపిస్తుంది. అందుకే మేము వాట్సాప్ వీడియో కాల్ దాటి వెళ్లలేదు. చీరను గుమ్మం దగ్గర పగటి వెలుతురులో పరిచి కొంగు, అంచు, వెనకవైపు చూపిస్తాం. ట్యూబులైటు కింద తీసిన ఫొటోలో వంకాయరంగు నీలంగా పడుతుంది, తగాదాలు పుట్టేది అక్కడే. డబ్బు ముందే యూపీఐలో, చీర స్పీడ్‌పోస్టులో.

పేట_చీరలు
వాట్సాప్ అయినా బెంగళూరుకు పంపితే పద్ధతి మార్చాల్సిందేనా?

పాలమూరు_పద్దులు
మార్చాల్సిందే. ఎలా అమ్మారన్నది కాదు, మీరు పంపిన సరుకు రాష్ట్ర సరిహద్దు దాటిందా అన్నదే లెక్క. ముందు హైదరాబాదు వరకు పంపి చూడండి.

గద్వాల_అంచు
వాట్సాప్‌లో కొనేది మనల్ని ఎరిగినవారే. కొత్త ముఖాలు కావాలంటే యాప్ తప్పదు. మేము పట్టు చీరలు పెట్టం, రోజువారీ నూలువి మాత్రం పెడతాం.

పేట_చీరలు
మా దగ్గర మగ్గానికి ఒకేసారి ఎనిమిది చీరల పడుగు (నిలువు పోగులు) ఎక్కిస్తారు. ఒక పడుగు మొత్తం యాప్‌కే కేటాయించి, దుకాణంలో చూపించకుండా ఉంచితే?

గద్వాల_అంచు
అలాగే చేయండి. ఏడే పెట్టండి, ఎనిమిదోది మీ దగ్గర ఉంచుకోండి. మరకపడిందనో పోగు తెగిందనో ఒకటి వెనక్కి వస్తే మార్చి పంపడానికి పనికొస్తుంది.