నాలుగు కంపెనీల కంప్యూటర్ భాగాల లైట్లకు ఒకే రంగు: ఒక్క కంపెనీకే కట్టుబడాలా, ఓపెన్‌ఆర్‌జీబీని నమ్మాలా?

సుబేదారి విద్యార్థి

అందరికీ నమస్కారం. నేను హన్మకొండలో ఇంజినీరింగ్ మూడవ సంవత్సరం చదువుతున్నాను. రెండేళ్లుగా కొంచెం కొంచెం డబ్బు కూడబెట్టి, ఏది చౌకగా దొరికితే అది కొంటూ పోయినందువల్ల నా క్యాబినెట్‌లో మదర్‌బోర్డు ఒక కంపెనీది, ర్యామ్ మరొక కంపెనీది, గ్రాఫిక్స్ కార్డు ఇంకొక కంపెనీది, మూడు ఫ్యాన్లు నాలుగో కంపెనీవి అయ్యాయి. లైట్ల కోసమే మూడు సాఫ్ట్‌వేర్లు ఎక్కించవలసి వచ్చింది. ఒకటి తెరిస్తే మరొకదానిలో పెట్టిన రంగు పోతోంది. ఈసారి బతుకమ్మ పండుగకు క్యాబినెట్ మొత్తం బంతిపూల రంగులో ఉండాలని మా చెల్లెలు పట్టుబట్టింది. అన్నింటికీ ఒకే అంకెలు, అంటే ఎరుపు 255, ఆకుపచ్చ 140, నీలం 0 ఇచ్చినా ఫ్యాన్లు నిమ్మపండులాగా, ర్యామ్ నారింజలాగా వెలుగుతున్నాయి. స్నేహితులలో సగం మంది అన్నీ అమ్మేసి ఒకే కంపెనీవి కొనమంటున్నారు, మిగిలిన సగం అన్ని కంపెనీల లైట్లనూ ఒకేచోట నడిపే ఓపెన్‌ఆర్‌జీబీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకోమంటున్నారు. ఎవరి మాట వినాలి?

చౌరస్తా మెకానిక్

తమ్మీ, ఏదీ అమ్మవద్దు. ముందు ఫ్యాన్ల తీగ చివర ప్లగ్గు చూడండి. నాలుగు రంధ్రాలు వరుసగా ఉంటే అది 12 వోల్టుల పాత పద్ధతి. ఎల్‌ఈడీ పట్టీ మొత్తానికి ఒకే రంగు వస్తుంది. నాలుగు చోట్లలో ఒకటి మూసుకుపోయి మూడే ఉంటే అది 5 వోల్టులది. ప్రతి ఎల్‌ఈడీకి వేరే రంగు ఇవ్వవచ్చు. ఈ రెండింటినీ కలిపితే ఏమవుతుందో మా దుకాణంలో కళ్లారా చూశాను. ఒక అబ్బాయి 5 వోల్టుల పట్టీని 12 వోల్టుల పిన్నుల మీద బలవంతంగా నొక్కి తెచ్చాడు. మొదటి ఎల్‌ఈడీ మీద ఆవగింజంత నల్లమచ్చ, కాలిన ప్లాస్టిక్ వాసన. పట్టీ మొత్తం పనికిరాకుండా పోయింది.

మూడు పిన్నుల ప్లగ్గయితే మీ చిక్కు సగం తీరినట్లే, ఎందుకంటే ఆ తీగలో నడిచే భాష దాదాపు అన్ని కంపెనీలకూ ఒకటే. గణపతి నవరాత్రులకు మండపాలకు పిక్సెల్ లైట్లు కట్టేవారిని చూడండి: మాలలు నాలుగు చోట్ల కొన్నవే అయినా ఒకే కంట్రోలర్‌కు కలిపితే అన్నీ ఒకే తాళానికి ఆడతాయి. మీరు కూడా పవర్ సప్లై సాటా తీగ నుంచి కరెంటు తీసుకునే లైట్ల హబ్ ఒకటి కొని, మూడు ఫ్యాన్లనూ దానికి కలిపి, హబ్ తీగను మదర్‌బోర్డు మీద లైట్ల కోసం ఉండే పిన్నులకు, అంటే హెడర్‌కు ఇవ్వండి. ఫ్యాన్ల కంపెనీ సాఫ్ట్‌వేర్ ఇక అక్కర ఉండదు. హబ్ బదులు ఒక హెడర్‌ను మూడుగా చీల్చే స్ప్లిటర్ తీగ చాలదా అంటే లెక్క చెబుతాను. హెడర్ సాధారణంగా 3 ఆంపియర్లే ఇస్తుంది. పూర్తి తెలుపులో ఒక్కో ఎల్‌ఈడీ 60 మిల్లీఆంపియర్ల వరకు తాగుతుంది. ఫ్యాన్‌కు 18 చొప్పున మూడింటికి 54 అయితే అప్పుడే 3.24 ఆంపియర్లు. కొత్త ఎల్‌ఈడీలు తక్కువే తాగుతాయి గానీ, హద్దు మీద నడపడం ఎందుకు?

మట్టెవాడ సందేహి

మెకానిక్ గారి మాట ఫ్యాన్ల వరకు సరే. అసలు తగాదా ర్యామ్ దగ్గర ఉంది. ర్యామ్ లైట్లను అందుకోవడానికి సాఫ్ట్‌వేర్ ఎస్ఎంబస్ అనే లోపలి దారిలో వెళ్లాలి, విండోస్‌లో దానికి కెర్నెల్ స్థాయి డ్రైవర్, అంటే సిస్టమ్ లోతుల్లో పూర్తి అధికారంతో నడిచే ప్రోగ్రామ్ కావాలి. ఓపెన్‌ఆర్‌జీబీ సహా ఎన్నో ఉచిత సాధనాలు వాడిన విన్‌రింగ్0 డ్రైవర్‌లో భద్రతా లోపం ఉందని 2020లోనే నమోదైంది. 2025 మార్చి నుంచి విండోస్ సొంత యాంటీవైరస్ డిఫెండర్ దానిని ప్రమాదకరమని పట్టి పక్కన పెట్టసాగింది. వాలరెంట్ ఆటతో వచ్చే, మోసాలను పట్టే వ్యాన్‌గార్డ్ ప్రోగ్రామ్ కూడా 2020లో కొన్ని ఫ్యాన్ల, లైట్ల డ్రైవర్లను అడ్డుకుంది. పైగా కొన్ని మదర్‌బోర్డుల లైటింగ్ కంట్రోలర్లు బయటి సాఫ్ట్‌వేర్ పంపిన ఆదేశాలకు చెడిపోతే, ఓపెన్‌ఆర్‌జీబీ వారే ఆ బోర్డులకు మద్దతును కొంతకాలం నిలిపివేశారు. ఒక రంగు కోసం ఇంత సాహసమా? ఒకే కంపెనీవి కొనండి, లేదా లైట్లు ఆపి ప్రశాంతంగా ఉండండి.

కాజీపేట లినక్స్ వాడుకరి

సందేహి గారు చెప్పిన ప్రమాదాలు నిజమే. అయితే కంపెనీ సాఫ్ట్‌వేర్ వాటికి అతీతమన్నట్లు రాయడం న్యాయం కాదు. ఆసుస్ లైట్ల సాఫ్ట్‌వేర్ ఆరా సింక్‌తో వచ్చిన డ్రైవర్లలోనూ, గిగాబైట్ సాధనాల డ్రైవర్లలోనూ ఇటువంటి లోపాలే 2018 డిసెంబరులో బయటపడ్డాయి. దారి ఒకటే కాబట్టి గుంతలూ అవే. నాలుగు కంపెనీల సాఫ్ట్‌వేర్లు వేసుకుంటే నాలుగు డ్రైవర్లు ఒకే ఎస్ఎంబస్ మీద ఒకదాని మాటకు మరొకటి అడ్డు తగులుతాయి; మీ ర్యామ్ రంగు పోవడానికి నేను అనుమానించేది దీనినే. ఆ ఎస్ఎంబస్ మీదనే ర్యామ్ తన వేగం, వోల్టేజీ వివరాలు దాచుకునే ఎస్‌పీడీ చిప్పు కూడా ఉంటుంది. తప్పుడు చోట రాస్తే కంప్యూటర్ మొదలు కాకపోవచ్చు. అందుకే ర్యామ్‌కు ఒక్క సాఫ్ట్‌వేరే ఉండాలంటాను. అది ఏదైనా కావచ్చు.

ఓపెన్‌ఆర్‌జీబీ మొదట ఓపెన్ఆరాఎస్‌డీకే పేరుతో, ఆసుస్ లైట్ల కోసమే మొదలై, తరువాత ఇతర కంపెనీలకు విస్తరించింది. లినక్స్‌లో నేను దానినే వాడుతున్నాను, ఎందుకంటే ఆరా సింక్, మిస్టిక్ లైట్, ఆర్‌జీబీ ఫ్యూజన్ వంటి కంపెనీల లైట్ల సాఫ్ట్‌వేర్లు ఏవీ అక్కడికి రావు.

ఒక పరిమితి మాత్రం ముందే తెలుసుకోండి. ఫ్యాన్ల తీగలో సెకనుకు 8 లక్షల బిట్లు నడుస్తాయి. ఎల్‌ఈడీకి 24 బిట్లు కాబట్టి వంద ఎల్‌ఈడీల రంగు మార్చడానికి 3 మిల్లీసెకన్లు చాలు. ఎస్ఎంబస్ సాధారణంగా అందులో ఎనిమిదో వంతు వేగంతో, చిరునామాల బరువు కూడా మోస్తూ నడుస్తుంది. కదిలే ఎఫెక్టులు పెడితే ర్యామ్ ఒక అడుగు వెనకబడే ఉంటుంది. పోనీ ప్రతి భాగంలో ఉన్న సొంత ఎఫెక్టులనే వాడదామంటే, వాటి గడియారాలు వేరు కాబట్టి కలిసి మొదలైన, మెల్లగా వెలిగి ఆరే శ్వాస ఎఫెక్టు పది నిమిషాలకు ఎవరి ఊపిరి వారిదే అవుతుంది. కదలని ఒక్క రంగుకు ఈ బాధ లేదు, మీకు కావలసింది అదే.

కరీంనగర్ నుంచి

విండోస్ 11లో 2023 సెప్టెంబరు నుంచి లైట్లను విండోసే నడిపే డైనమిక్ లైటింగ్ సదుపాయం వచ్చింది. దానిని ఎవరూ ప్రస్తావించలేదు. దానికి కావలసిన ల్యాంప్‌అరే ప్రమాణాన్ని పాటించే కీబోర్డులు, మౌస్‌లు సెట్టింగ్స్ నుంచే రంగు మారతాయి.

మట్టెవాడ సందేహి

అది ప్రధానంగా యూఎస్‌బీ పరికరాలకు. ర్యామ్ యూఎస్‌బీ మీద లేదు కదా. మధ్యలో మళ్లీ కంపెనీ సాఫ్ట్‌వేరే నిలబడాలి.

కాజీపేట లినక్స్ వాడుకరి

ఆ మాట ఒప్పుకుంటాను. ఇక బంతిపూల సంగతి: ఒకే అంకెలు ఇస్తే ఒకే రంగు వస్తుందనుకోవడమే పొరపాటు. ఒక్కొక్క కంపెనీ ఎల్‌ఈడీలో ఆకుపచ్చ బలం ఒక్కో తీరుగా ఉంటుంది, పైన కప్పిన తెల్లటి ప్లాస్టిక్ కూడా రంగును మారుస్తుంది. అన్నీ ఒకే కంపెనీవి కొన్నా ర్యామ్‌కూ ఫ్యాన్‌కూ ఈ తేడా ఉండవచ్చు. ఎరుపును 255 దగ్గరే ఉంచి, ఫ్యాన్లకు ఆకుపచ్చను పదేసి తగ్గిస్తూ, ర్యామ్‌కు పెంచుతూ పోండి. గదిలో ట్యూబులైటు ఆపి చూడండి.

సుబేదారి విద్యార్థి

మూడు రోజుల తరువాత రాస్తున్నాను. ఫ్యాన్లది మూడు పిన్నుల ప్లగ్గే. హబ్ బిగించి, మూడు సాఫ్ట్‌వేర్లనూ తీసివేసి, ఓపెన్‌ఆర్‌జీబీ కొత్త వెర్షన్ ఒక్కటే ఉంచాను. ఫ్యాన్లకు ఆకుపచ్చ 95, ర్యామ్‌కు 165 దగ్గర రెండూ కలిశాయి. మా చెల్లెలు ఇంట్లో ఉన్న బంతిపువ్వును అద్దానికి ఆనించి చూసి, ఫ్యాన్లు ఇంకొంచెం ఎర్రగా ఉండాలంది, 85 చేశాను. గ్రాఫిక్స్ కార్డు మాత్రం ఇంకా ఇంద్రధనుస్సులోనే ఉంది, దాని మోడల్ ఓపెన్‌ఆర్‌జీబీ జాబితాలో లేదు. మెకానిక్ గారూ, కార్డు విప్పి లైట్ల తీగ ఒక్కటి తీసివేయడం కుదురుతుందా?

చౌరస్తా మెకానిక్

కొన్ని కార్డులలో ఆ తీగ విడిగా ఉంటుంది, కూలర్ విప్పితే గానీ తెలియదు. బిల్లు కూడా పట్టుకురండి. వారంటీ మిగిలి ఉంటే నేను స్క్రూ ముట్టను.