హాస్టల్ పై అంతస్తు వేడి తగ్గాలంటే మీటింగులో ఏం అడగాలి?

మూడో అంతస్తు:
తిరుపతిలో ఒక యూనివర్సిటీ అమ్మాయిల హాస్టల్లో ఉంటున్నాను, పీజీ రెండో సంవత్సరం. మాది పై అంతస్తు, పడమటి వరస. ఏప్రిల్ వచ్చిందంటే రాత్రి పదకొండింటికి కూడా గోడకు వీపు ఆనించలేం. ఫ్యాను వేస్తే పైనున్న వేడంతా మా మీదికే దింపుతుంది. నేల మీద బకెట్ నీళ్ళు చల్లి, కిటికీకి తడి చున్నీ కట్టి పడుకుంటాం. మా రూమ్మేటు మదనపల్లె పిల్ల, చల్లటి ఊళ్ళో పెరిగింది. దుప్పటి చంకన పెట్టుకుని కింది వరండాలోకి దిగిపోతుంది.

ఇప్పుడు 'గ్రీన్ హాస్టల్' అని కొంత డబ్బు పెడతారట. కమిటీలో నన్నూ వేశారు. వాళ్ళ లిస్టులో ఉన్నవి: మిద్దె మీద సోలార్ ప్యానెళ్ళు, గేటు దగ్గర పూలకుండీలు, గోడకు పెద్ద ఆకుపచ్చ బోర్డు. యూనివర్సిటీని తనిఖీ చేసే నాక్ టీమ్ వచ్చేలోపు అయిపోవాలట. నాది తెలుగు ఎమ్మే, బిల్డింగుల గురించి ఓనమాలు తెలీవు. సోమవారం మీటింగు. నోరు విప్పి నవ్వులపాలు కాకుండా ఏం అడగమంటారు?

మేస్త్రీ మనవడు:
చెల్లెమ్మా, చిత్తూరులో పదిహేనేళ్ళుగా బిల్డింగు పనులు చూస్తున్నాను. మీ రూముకు రెండు దెబ్బలు: నెత్తిన శ్లాబు, పక్కన పడమటి గోడ. మన దగ్గర ఏప్రిల్ ఆఖరికి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. కాంక్రీటు ఆ వేడిని పగలంతా తాగి, మీరు పడుకునే టైముకు కిందికి వదులుతుంది.

మా తాత కాలంలో మిద్దె మీద ఇటుక ముక్కలు, సున్నం కలిపి పరిచి, కరక్కాయ, బెల్లం నీళ్ళు చల్లుతూ రోజుల తరబడి దిమ్మిస కొట్టేవాళ్ళు. ఇప్పుడు అంత ఓపిక ఎవరికుంది? సిమెంటు పూసి బిల్లు పెట్టేస్తాం. నేనూ పెట్టినవాడినే.

ముందు మిద్దెకు తెల్ల సున్నం కొట్టించమను. ఎండలో చాలా భాగం తిరిగి పైకే పోతుంది. వానలకు కొట్టుకుపోతుంది కాబట్టి ఏటా కొట్టాలి. డబ్బుంటే తెల్ల పెంకులు పరిపించవచ్చు. పడమటి కిటికీలకు సన్‌షేడ్ పెంచుతామంటే ఒప్పుకోవద్దు. సాయంత్రం ఎండ ఏటవాలుగా దాని కిందనుంచే దూరుతుంది. నిలువుగా వెదురు తడికెలు కట్టాలి, లేదా ఆ వైపు కానుగలు, వేపలు నాటాలి. నీడ వచ్చేసరికి నీ చదువు అయిపోతుందనుకో.

ఇంకొకటి. తలుపు పైన వెంటిలేటరు ఉందా? ఉంటే అట్టముక్కతో మూసేసి ఉంటారు, నాకు తెలుసు. పైకి చేరిన వేడి గాలి పోయేది దాంట్లోంచే.

ప్యానెళ్ళు చెడ్డవని కాదు, ఎత్తుగా బిగిస్తే శ్లాబుకు నీడ కూడా ఇస్తాయి. కానీ ఫ్యాన్ల లెక్క చూడు. పాత ఫ్యాను 75 వాట్లు, తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ మోటరు ఫ్యాను 30. మీకు 120 ఫ్యాన్లు, రోజుకు 14 గంటలు అనుకుంటే 75 యూనిట్లు మిగులుతాయి. మిద్దె మీద ఒక కిలోవాటు ప్యానెలు రోజుకు ఇచ్చేది నాలుగు యూనిట్లు. అంటే ఫ్యాన్లు మార్చడమే దాదాపు 19 కిలోవాట్ల సోలార్ పెట్టినట్టు.

రిటైర్డ్ వార్డెన్:
లెక్క బాగుంది నాయనా. కానీ ఆ ఫ్యాన్లకు రిమోట్లు ఉంటాయి, హాస్టల్లో రిమోట్ వారం కూడా ఉండదు. గోడ రెగ్యులేటరుతో నడిచేవి దొరుకుతున్నాయి, అవే అడగమ్మా.

నీళ్ళ సంగతి మర్చిపోయారు. 800 చదరపు మీటర్ల మిద్దె మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే 8,000 లీటర్లు. మనకు పెద్ద వానలు ఎక్కువగా అక్టోబరు, నవంబరుల్లోనే. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులయ్యాయి. మా హాస్టల్ మిద్దె నీళ్ళన్నీ పైపుల్లోంచి నేరుగా కాలవలోకి పోయాయి. మళ్ళీ మే నెలలో నేనే ట్యాంకరు వాడికి రోజూ ఫోన్లు. ఆ పైపులను ఇంకుడు గుంతలోకి తిప్పించండి, మీ బోరుకు మంచిది. ట్యాంకు నిండగానే మోటరు ఆగే స్విచ్చు కూడా.

98 బ్యాచ్:
కొండ పక్క హాస్టలైతే కోతుల సంగతి ముందే చూసుకో చెల్లీ. మా సోలార్ హీటరు గొట్టాలు రెండు నెలలు కూడా ఉండలేదు.

మూడో అంతస్తు:
అందరికీ థాంక్స్. వెంటిలేటరు విషయంలో అన్న మాట అక్షరాలా నిజం. వరండా ట్యూబ్‌లైటు కళ్ళలో పడుతోందని మేమే క్యాలెండరు అట్ట అంటించాం. ఆ రాత్రే పీకేశాం. ఇప్పుడు మా రూమ్మేటు కళ్ళకు చున్నీ కట్టుకుని పైనే పడుకుంటోంది.

శనివారం ముగ్గురం మిద్దె ఎక్కి, మా రూము పైన మాత్రం సున్నం కొట్టాం. మెస్సులో గంజి అడిగి కలిపాం, మా అమ్మమ్మ అలాగే చేసేది. మర్నాడు మూడింటికి చెప్పులు విడిచి చూశాను. తెల్ల చోట నిలబడి ఫోన్ మాట్లాడగలిగాను. పక్కకు అడుగు పెట్టగానే ఎగిరి మళ్ళీ తెల్లదాని మీదికే వచ్చాను.

సోమవారం మీటింగు మధ్యలో అందరినీ మిద్దె మీదికి తీసుకెళ్ళాను. ఒక సార్ బూట్లు విప్పారు. ఆయనా ఎగిరారు. మిద్దె మొత్తం సున్నానికి ఒప్పుకున్నారు, వాన పైపులు సెలవుల్లో తిప్పుతారట. ఫ్యాన్లు కొటేషన్ల దగ్గర ఆగాయి. పూలకుండీలు వద్దన్నారు. బోర్డు మాత్రం ఆర్డరు ఇచ్చేశారంట, ఏం చేయలేం.

అన్నా, 800 చదరపు మీటర్లకు రెండు పూతలు కొట్టాలంటే సున్నం ఎన్ని బస్తాలు చెప్పమంటావు? మెస్సు వాళ్ళు అంత గంజి ఇచ్చేలా లేరు.