మొల్ల పద్యంలో ‘కందువ మాట’ అంటే ఏమిటి?

ప్రశ్న: మొల్ల రామాయణం అవతారికలోని (కావ్యం మొదట ఉండే పీఠికలోని) ‘కందువ మాటలు సామెత లందముగాఁ గూర్చి చెప్ప’ అన్న పద్యానికి నేను చూసిన ఒక తాత్పర్యంలో, కందువ మాటలన్నా సామెతలన్నా ఒకటే అన్నట్లు రాశారు. ఒకటే అయితే మొల్ల రెండు మాటలు ఎందుకు వాడినట్లు? పాదపూరణం కోసమేనా?

సమాధానం: పాదపూరణం కాదని నా అభిప్రాయం. ముందుగా పద్యాన్ని పూర్తిగా చూద్దాం.

కందువ మాటలు సామెత
లందముగాఁ గూర్చి చెప్ప నది తెలుఁగునకుం
బొందై రుచియై వీనుల
విందై మఱి కానుపించు విబుధుల మదికిన్.

‘కందువ’ అన్న మాటకు చోటు, జాడ, నేర్పు అనే అర్థాలు ఉన్నాయి. ‘ఇందరికీ అభయంబులిచ్చు చేయి, కందువగు మంచి బంగారు చేయి’ అని అన్నమయ్య అన్నప్పుడు చోటు అనే అర్థం పొసగదు. అక్కడ నేర్పు, సొగసు అన్న భావమే కుదురుతుంది. అన్నమయ్య 1503లో పరమపదించాడు, మొల్లను సాధారణంగా పదహారవ శతాబ్ది కవయిత్రిగా లెక్కిస్తారు, కనుక ఆ ప్రయోగం ఆమె కాలానికి దూరమైనది కాదు. కాబట్టి కందువ మాట అంటే నేర్పుగల మాట అని చెప్పుకోవచ్చు. అయితే చోటు అనే అర్థపు ఛాయ కూడా ఇక్కడ పూర్తిగా పోలేదని, తగిన చోట తగినట్లు పడిన మాట అన్న ధ్వని ఉందని నాకు అనిపిస్తుంది. ఈ రెండో మాట నా ఊహ మాత్రమే.

ఇక ‘సామెత’. నేడు ఈ మాట వినగానే లోకోక్తి గుర్తుకు వస్తుంది కాని, దీనికి పోలిక అనే అర్థం కూడా ఉంది. ఆ అర్థం తీసుకుంటే మొల్ల చెప్పినవి రెండు వేర్వేరు గుణాలవుతాయి: మాటలో నేర్పు, పోలికలో అందం. ఇందుకు సాక్ష్యం కోసం వేరే కావ్యం వెతకనవసరం లేదు, దీనికి ముందున్న ఆటవెలదే చాలు.

తేనె సోఁక నోరు తీయన యగు రీతిఁ
దోడ నర్థమెల్లఁ దోఁచకుండ
గూఢశబ్దములను గూర్చిన కావ్యమ్ము
మూఁగ చెవిటివారి ముచ్చటగును.

మొదటి పాదం పోలిక, చివరి పాదం లోకోక్తి. కావ్యం ఎలా ఉండాలో చెబుతూనే ఆమె ఆ పద్ధతిలో చెప్పి చూపించింది.

ఈ పద్యంలో చాలామంది తడబడే చోటు ఒకటి ఉంది. అరసున్నలు తీసివేసి అచ్చు వేసినప్పుడు ‘రీతి తోడ’ అని కనబడుతుంది, దానిని ‘రీతితో’ అని చదివేస్తారు. పద్యంలో ఉన్నది ‘రీతిన్, తోడన్’ అనే రెండు విడి మాటలు. రీతిన్ చివరనున్న నకారం (ద్రుతం) వల్లనే తోడ మొదటి తకారానికి సరళమైన దకారం వచ్చి ‘దోడ’ అయింది. తోడన్ అంటే వెంటనే. మనం ఇప్పటికీ ‘రాగానే’ అనే అర్థంలో ‘వచ్చిన తోడనే’ అంటాం. తేనె తగలగానే నోరు తీపెక్కినట్లు, చదవగానే అర్థం తోచాలి. ఆ ‘వెంటనే’ జారిపోతే పోలికలోని బిగువంతా పోతుంది.

‘మూఁగ చెవిటివారి ముచ్చట’లో కూడా చెవిటితనాన్ని పాఠకుడికి అంటగట్టి కవిని తప్పించేవారు ఉన్నారు. మొల్ల వరుసలో ముందున్నది మూగవాడు, అంటే కవి.

మరో సభ్యురాలు: వివరణ బాగుందండీ. అయితే ఒక సందేహం. శాస్త్రాలు చదువుకోలేదు కనుక తేలిక తెలుగులో రాస్తున్నానని ఆమె తన పరిమితినే సిద్ధాంతంగా చెప్పుకొన్నదని అనుకోకూడదా?

సమాధానం: అలా అనుకోవడానికి ఆమె స్వయంగా చోటిచ్చింది. సంధులు, సమాసాలు, శయ్యలు, రీతులు, విభక్తులు, ధాతువులు, అలంకారాలు, ఛందస్సు, నిఘంటువులు, వీటిలో ఏవీ ఎరుగనని, గోపవరపు శ్రీకంఠమల్లేశుని (శివుని) వరం వల్లనే కవిత్వం చెప్పగలుగుతున్నానని అవతారికలో చెప్పుకొంది. కాని ఆ ఎరుగని వాటి పట్టికంతా ఒక సీస పద్యం! ఛందస్సు తెలియదని ఛందస్సు తప్పకుండా చెప్పిన వినయాన్ని ఉన్నదున్నట్లుగా నమ్మడం కష్టం. తెనిగించే చోట ‘ఘనమగు సంస్కృతముఁ జెప్పఁగా రుచి యగునే’ అని మరో పద్యంలో ఆమె అడిగిన ప్రశ్న చేతకానివారి సాకులా నాకు వినబడదు. తెనిగించడమంటే ఏమిటో ఆలోచించి చేసిన విమర్శలా వినబడుతుంది.

పదునెనిమిదవ శతాబ్దిలో తరిగొండ వెంగమాంబ కూడా చిన్ననాడు గురువు దగ్గర ఓనమాలైనా నేర్వలేదని చెప్పుకొని, భారమంతా దేవుని మీద వేసింది. భక్త కవులలో ఇటువంటి వినయం మగవారికీ ఉన్నదే: ‘పలికించు విభుండు రామభద్రుండట’ అన్న పోతనను చదువు రానివాడని ఎవరూ అనలేదు. మొల్ల, వెంగమాంబల విషయానికి వచ్చేసరికి మాత్రం ఆ వినయాన్ని జీవితచరిత్రగా చదివేస్తాం. ఆ పద్ధతి ఆడవారందరిదీ అనడానికీ లేదు. తంజావూరు ఆస్థానంలో ప్రతాపసింహుని కాలంలో ‘రాధికాసాంత్వనం’ రాసిన ముద్దుపళని, తన పాండిత్యాన్నీ తనకు దక్కిన గౌరవాన్నీ ఏ మాత్రం జంకు లేకుండా చెప్పుకొంది.

మొదటి ప్రశ్నకు సంబంధించి మరొక్క మాట. ‘కందువ మాటలు’ పద్యంలో పొందు, వీనుల విందు వంటి వాడుక మాటల నడుమ బరువైన సంస్కృత పదం దాదాపు ఒక్కటే ఉంది, ‘విబుధులు’. ఆ మాటను మొల్ల పండితులకే కేటాయించింది. కందువ మాటకు ఇంతకంటె మంచి ఉదాహరణ నాకు తోచలేదు.