సిబిల్ రిపోర్ట్ కోసం డబ్బులు కట్టాల్సిందేనా? తీసుకున్నవాళ్లు చెప్పండి

కృష్ణాతీరం: ఇంటి లోన్‌కు వెళ్తున్నాం. ముందు సిబిల్ (మన అప్పులు, కిస్తీల చరిత్ర) చూసుకోమన్నారు. సైట్‌లో పాన్ నంబర్, ఓటీపీ ఇచ్చాక నెలకింత, ఆరు నెలలకింత, ఏడాదికింత అని ప్లాన్లు చూపిస్తోంది. ముందుకెళ్లే దారి కనపడట్లేదు. కట్టక తప్పదా?

ఓరుగల్లు_అన్న: కట్టొద్దండీ. అదే పేజీలో వెతకండి, చిన్న అక్షరాల్లో 'నో థాంక్స్' అని ఉంటుంది. అది నొక్కితే ఉచిత రిపోర్ట్‌కు తీసుకెళ్తుంది. ఇది వాళ్లు దయతలచి ఇచ్చేది కాదు, ఆర్‌బీఐ నిబంధన. 2017 జనవరి నుంచి ప్రతి బ్యూరో (ఈ రిపోర్టులు తయారుచేసే సంస్థ) ఏటా ఒక పూర్తి రిపోర్ట్ ఉచితంగా ఇవ్వాలి. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ నాలుగూ విడివిడిగా ఇవ్వాల్సిందే. నేను మూణ్ణెల్లకొకటి తీస్తాను, ఏడాదంతా ఒక కన్ను వేసి ఉంచినట్టవుతుంది.

సీమబిడ్డ: మాటిమాటికీ చూస్తే స్కోరు పడిపోతుందంటారు కదన్నా?

ఓరుగల్లు_అన్న: మన రిపోర్ట్ మనం చూసుకుంటే పడదు. లోన్‌కో, కార్డుకో అప్లై చేసినప్పుడు బ్యాంకు చూస్తుందే, ఆ ఎంక్వైరీలు ఎక్కువైతేనే ఇబ్బంది.

విశాఖ_లెక్కలు: స్కోరు ఒక్కటే చూసి ఊరుకోకండి, అసలు సంగతంతా లోపలి పేజీల్లో ఉంటుంది. మా ఆయన బైక్ లోన్ ఎప్పుడో తీరిపోయింది. ఒక బ్యూరోలో 'క్లోజ్డ్' అని ఉంది, ఇంకోదాంట్లో ఇంకా బాకీ ఉన్నట్టే ఉంది! ఎన్‌ఓసీ (అప్పు తీరిందని కంపెనీ ఇచ్చే పత్రం) జతచేసి బ్యూరో సైట్‌లోనే డిస్ప్యూట్, అంటే తప్పుందని ఫిర్యాదు, పెట్టాం, అప్పు ఇచ్చిన కంపెనీకీ మెయిల్ చేశాం. పైసా ఖర్చు కాలేదు. 30 రోజుల్లో తేల్చకపోతే ఆ తర్వాత రోజుకు 100 రూపాయల చొప్పున మనకు పరిహారం ఇవ్వాలని 2024 ఏప్రిల్ నుంచి రూల్ ఉంది. మెయిల్‌లో ఆ మాట రాయండి, కదలిక వస్తుంది.

సీమబిడ్డ: మా ఊళ్లో ఒకాయన ఎనిమిది వేలిస్తే స్కోరు పెంచుతానంటున్నాడు.

విశాఖ_లెక్కలు: ఇవ్వకు తమ్ముడూ. తప్పు ఉంటే నువ్వే ఉచితంగా దిద్దించుకోవచ్చు. నిజంగానే కిస్తీ ఆగి ఉంటే ఆ ఎంట్రీని ఎవరూ చెరపలేరు. బ్యాంకు ఒప్పుకోకుండా బ్యూరో కూడా మార్చదు. పైగా అతనికి పాన్, ఆధార్, ఓటీపీ అన్నీ ఇవ్వాలి. నాకు ఆ భయమే ఎక్కువ.

భాగ్యనగరి: ఫ్రీ స్కోరు యాప్‌లతోనూ జాగ్రత్త. ఒకదాంట్లో చూసిన మర్నాటి నుంచి లోన్ కావాలా అని ఒకటే ఫోన్లు. అందుకే నేరుగా బ్యూరో సైట్లకే వెళ్తున్నాను. ఇంకో మాట, 'సెటిల్డ్' అని ఉంటే 'క్లోజ్డ్' అనుకోవద్దు. కొంత మాఫీ చేయించుకుని కట్టారని దానర్థం, లోన్ ఇచ్చేవాళ్లు దాన్ని చెడ్డగానే చూస్తారు.

కృష్ణాతీరం: దొరికిందండీ, 'నో థాంక్స్' నొక్కి తీసుకున్నాను. అందరికీ థాంక్స్. స్కోరు బాగానే ఉంది కానీ నేను తీసుకోని ట్రాక్టర్ లోన్ ఒకటి కనిపిస్తోంది. మా బావమరిదికి హామీ సంతకం పెట్టాను, అదే కావచ్చా?

ఓరుగల్లు_అన్న: అదే అయ్యుండొచ్చు. ఆ అకౌంట్ దగ్గర 'గ్యారెంటర్' అని ఉందేమో చూడండి. హామీ ఉన్న లోన్ మన రిపోర్ట్‌లోనూ వస్తుంది. ఇంటి లోన్‌కు అప్లై చేసేలోపు ఆయన కిస్తీలు సరిగ్గా కడుతున్నారో లేదో కనుక్కోండి. 'గ్యారెంటర్' అని కాకుండా మీ సొంత లోన్‌లా చూపిస్తుంటే మాత్రం ఈరోజే డిస్ప్యూట్ పెట్టండి.