అప్‌డేట్: డిస్కులు కనిపించాయి, తప్పు కార్డుదే

ఐఓఎంఎంయూ (ఏ పరికరం ఏ మెమరీని తాకొచ్చో చూసుకునే హార్డ్‌వేర్) ఆన్ చేస్తే సాటా కార్డుకి (డిస్కులు తగిలించుకునే కార్డు) తగిలించిన డిస్కులు మాయమైపోతున్నాయని అడిగాను కదా, కారణం దొరికింది. లాగ్‌లో డీఎంఏ (పరికరం నేరుగా మెమరీని వాడుకోవడం) ఫాల్ట్ 03:00.1 పేరు మీద పడుతోంది, ఎల్ఎస్‌పీసీఐలో (పీసీఐ పరికరాల జాబితా చూపే కమాండ్) చూస్తే కార్డు కింద ఉన్నది 03:00.0 ఒక్కటే! రెండు రోజులు ఆ చివరి అంకెని, అంటే ఫంక్షన్ నంబర్‌ని (ఒకే పరికరంలోని విడి భాగం) పట్టించుకోలేదు నేను. పీసీఐ ఎక్స్‌ప్రెస్‌లో (కార్డుల్ని కంప్యూటర్‌కి కలిపే మార్గం) ప్రతి రిక్వెస్ట్‌తో పాటు అడిగింది ఎవరో చెప్పే 16 బిట్ల రిక్వెస్టర్ ఐడీ వెళ్తుంది (మామూలుగా బస్‌కి 8, డివైస్‌కి 5, ఫంక్షన్‌కి 3), ఎవరి పేజీ టేబుల్ (మెమరీ అడ్రస్‌ల మ్యాపింగ్ పట్టిక) వాడాలో ఐఓఎంఎంయూ దాన్ని చూసే తేల్చుకుంటుంది. నా కార్డేమో లేని ఫంక్షన్ పేరు చెప్పుకుని మెమరీ అడుగుతోంది, ఆ ఐడీకి మ్యాపింగే లేదు, ఇంకేముంది, బ్లాక్. ఇలాంటి వాటి కోసం లినక్స్ కెర్నల్‌లో డీఎంఏ ఏలియాస్ క్విర్క్‌లు (వేరే ఐడీతో అడిగే పరికరాల తప్పుని సర్దే కోడ్) ఉన్నాయి, నా చిప్ ఐడీ ఆ జాబితాలో లేదంతే. చేర్చి కెర్నల్ మళ్లీ బిల్డ్ చేశాను, డిస్కులన్నీ వచ్చేశాయి.